తిరుగు పిలుపు

కుర్చీ బాగానే ఊగింది. ఆట సగంలో నేనే దిగిపోయాను.

మొన్న బీచ్ రోడ్డులో ఎగ్జిబిషన్ పెడితే నా కూతురు తీసుకెళ్ళింది. వద్దే అన్నా వినలేదు. జెయింట్ వీలు, అప్పడాల కొట్లు దాటాక ఒక రేకుల గది, దాని మీద రైలింజను బొమ్మ. లోపల గోడంత తెర, ఎదురుగా రెండు కుర్చీలు. టికెట్టు కొనుక్కుని కూర్చుంటే మనమే రైలు నడుపుతున్నట్టు ఉంటుందట. కుర్చీ దానంతటదే అదురుతుందట, మొహాన గాలి కొడుతుందట. "నాన్న చూస్తే ఎంత సంబరపడేవారో, కూర్చోమ్మా" అంది. కూర్చున్నాను. పట్టాలు కదిలాయి, కుర్చీ కుదిపింది. కాసేపటికి లేచి బయటికి వచ్చేశాను. టికెట్లు చింపే అతను "మామ్మగారికి కళ్ళు తిరిగినట్టున్నాయి" అని నవ్వాడు. "భయమేసిందా అమ్మా?" అంది నా కూతురు. భయం కాదు. ఏమిటో ఆ జనంలో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, అది రాస్తోంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఆ సంతకం గురించి కూడా చెప్పాలి.

ఆయన పేరు చెప్పను. బతికున్నప్పుడే నా నోటితో పలకలేదు. రేషన్ కార్డు దగ్గర గుమస్తా అడిగితే పక్కింటావిడ చేత చెప్పించాను. పోయాక పలుకుతానా?

గూడ్సు బండి డ్రైవరు ఆయన. కొండ మీద నుంచి ఇనప రాయి పోర్టుకి దింపే బండి. మేం మల్కాపురంలో ఉండేవాళ్ళం. డ్యూటీ దిగి వస్తే మనిషి కంటే ముందు ఆ ఎర్రధూళి గుమ్మంలోకి వచ్చేది. బట్టలు బకెట్లో వేస్తే నీళ్ళు కుంకం కలిపినట్టు అయ్యేవి. మూడు నీళ్ళు మార్చాలి. నాలుగోది ఆయనే చూసి "తేరింది" అంటే అప్పుడు ఆరేసేదాన్ని.

ఇంట్లో కూడా ఇంజనులో ఉన్నట్టే ఉండేవారు. ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరుంటారు కదా. ముందు సిగ్నలు కనపడగానే ఒకరు రంగు పైకి చెప్పాలి, రెండోవారు తన కళ్ళతో చూసి అదే మాట తిరిగి అనాలి. అది వాళ్ళ పద్ధతి. ఆయనకి ఆ పద్ధతి అన్నానికీ నీళ్ళకీ అంటుకుపోయింది. నేను "ఉప్పు అయిపోయింది" అంటే ఆయన "ఉప్పు అయిపోయింది" అనేవారు. "తలుపేసేవా?" అని అడిగితే నేను ఊఁ అంటే కుదరదు, "తలుపేసేను" అనాలి. చుట్టాలు నవ్వేవారు.

"ఒకడు సెప్తే అది సిగ్నలు కాదే. ఇద్దరూ అంటేనే సిగ్నలు" అనేవారు.

"రెండోవోడు పలక్కపోతేనో?"

"ఎర్రనుకోవాల. ఆపీయాల. అంతే."

అందుకే నేను అన్నానికి పిలిచి ఆయన పలక్కపోతే "ఎర్రేటండీ?" అని గదిలోకి తొంగి చూసేదాన్ని. ఆయన పేపరు వెనక నవ్వేవారు.

నా కూతురు కాలేజీలో చేరిన ఏడు దానికి కంప్యూటరు కావాలంటే వన్ టౌన్‌లో పాత టీవీలు, కంప్యూటర్లు బాగుచేసే భాయ్ దగ్గర సెకండ్ హ్యాండుది కొన్నాం. ఆ భాయే ఊరికే ఒక సీడీ ఇచ్చాడు. అందులో రైలు నడిపే ఆట. రెండు రోజులు పోయాక ఈయన మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళారు. నేనూ వెంట ఉన్నాను.

"భాయ్, ఈ బండికి బరువు నేదు" అన్నారు.

భాయ్ తల పట్టుకున్నాడు. "క్యా సాబ్! రోజంతా బండి నడుపుతారు, ఇంటికెళ్ళి మళ్ళా బండేనా? దానికి బరువు నేనెక్కడ తెచ్చేది? బియ్యం మూటలు ఎక్కించమంటారా?"

"బొమ్మ బాగానే ఉంది. కొండలు, పట్టాలు, గడ్డి అన్నీ ఉన్నాయి. కుదుపు నేదు. కుదుపు నేకపోతే డ్రైవరుకి ఏటి తెలుస్తాది? మాం బండిని కళ్ళతో నడపం భాయ్, కూకున్న సోటుతో నడుపుతాం."

భాయ్ నా వైపు చూసి "చెల్లెమ్మా, ఈయన్ని డాక్టరుకి చూపించు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన కుదుపు తయారుచేయడం మొదలుపెట్టారు. మాకు ఇడ్లీ రుబ్బే గ్రైండరు ఒకటుండేది. దాన్ని చెక్కబల్ల మీద ఒక చివర పెట్టి, అదే బల్ల మీద రెండో చివర తన కుర్చీ వేసుకున్నారు. గ్రైండరు తిరిగితే బల్లంతా సన్నగా అదిరేది, కుర్చీ అదిరేది, ఆయన పొట్ట అదిరేది. కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుని "ఆఁ, ఇంజను స్టార్టయినాది" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పు రుబ్బితేనే రైలు కదిలేది. ఆయనకి ఆడాలనిపిస్తే కంప్యూటరు మాట ఎత్తేవారు కాదు. "పప్పు నానబోసేవా?" అని అడిగేవారు. వారానికి నాలుగు రోజులు ఇడ్లీలే. నా కూతురు ఇడ్లీ చూస్తే ఏడ్చేది.

టేబుల్ ఫాను ఎదురుగా పెట్టి స్పీడు పెరిగినప్పుడల్లా దాన్ని ఒక మెట్టు పెంచమనేవారు. అదీ నేనే. కాని అసలు పని కుర్చీ వెనక. కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని, మోకాలు ఆనించి నేను నిలబడాలి. ఎప్పుడు తొయ్యాలో, ఎప్పుడు లాగాలో ఆయన నేర్పారు. మొదటిరోజు బండి కదిలిందని ఒక్క తోపు తోశాను.

"ఏటే, ఆటో ఎక్కించేవేటి నన్ను! లోడు బండి కదలదు, అందుకుంటాది. ముందు ఇంజను సాగుతాది. ఎనకాల డబ్బా అందుకుంటాది, దాని ఎనకాలది, దాని ఎనకాలది. టక్, టక్, టక్, టక్. ఒక్కోటీ నడుం మీద తెలియాల. మెల్లగా కొట్టు."

"మరి బ్రేకేస్తే ముందుకి తొయ్యాలా?"

"ఏస్తానే తోసీకు. ఎనకనున్న డబ్బాలు దగ్గరకి రావాల కదా. అవొచ్చి గుద్దుకున్నాక అప్పుడు బరువు తెలుస్తాది. మన మాట ఇనకుండా తోస్తానే ఉంటాది. పోనాదిరా బాబూ అనుకున్నాక ఆగుతాది."

నేర్చుకున్నాను. ఏ ఆడదీ నేర్చుకోని పని నేర్చుకున్నాను. పిండి చేతులు తుడుచుకుని మోకాలితో అరవై డబ్బాల బరువు ఆయన నడుముకి తెలిపేదాన్ని. బాగా కుదిరిన రోజు ఆయన ఏమీ అనేవారు కాదు. చెయ్యి వెనక్కి చాపి నా మోచేతి మీద ఒకసారి తట్టేవారు. ముప్పై ఏళ్ళ కాపురంలో పగటిపూట ఆయన నన్ను ముట్టుకున్నది ఆ తట్టడాలే.

కొన్నాళ్ళకి ఆయన "సిగ్నలు కూడా నువ్వే పిలువు" అన్నారు. నాకు చదువు రాకపోతేనేం, రంగులు తెలుసు. దూరంగా దీపం కనపడగానే "పచ్చ" అనేదాన్ని. ఆయన "పచ్చ" అనేవారు. "పసుపు." "పసుపు." "ఎర్ర." "ఎర్ర." నాకు గొప్పగా ఉండేది. అసిస్టెంటు ఉద్యోగం ఇచ్చారనుకున్నాను.

ఆ ఏడే బకెట్టు ముందు నిలబడి మొదటి నీళ్ళకే "తేరింది" అన్నారు. నీళ్ళు కుంకంలా ఉన్నాయి. వేళాకోళం అనుకున్నాను. పండు మిరపకాయలు తెమ్మంటే పచ్చివి తెచ్చారు. కొట్టువాడు మోసం చేశాడనుకుని నేనే వెళ్ళి పోట్లాడి వచ్చాను. ఆయనకి షుగరు ఉంది, అది తెలుసు. షుగరు కళ్ళలోకి వెళ్తుందని నాకెవరు చెప్పారు?

ఒకరోజు మధ్యాహ్నం కంటి పరీక్షకి పిలుపొచ్చిందని, పెరట్లో కూర్చుని ఏదో గొణుక్కుంటున్నారు. మంత్రమేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను. పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఐదు అని అంకెలు. వాళ్ళ పరీక్షలో ఒక చుక్కల పుస్తకం ఉంటుందట. రంగు చుక్కల్లో అంకె దాగి ఉంటుంది, కళ్ళు బాగున్నవాడికి కనపడుతుంది. ఈయన ఏ పేజీలో ఏ అంకె ఉందో బట్టీ పడుతున్నారు. పరీక్ష నెగ్గి వచ్చి మైసూరుపాకు పంచారు. నేను తినలేకపోయాను.

మర్నాడు పప్పు నానబోశాను, ఆయన అడక్కుండానే.

భాయ్ ఇచ్చిన కొత్త సీడీలో ఏదో పరాయి దేశం దారి. మన దారిలో ఏ సిగ్నలు ఏ చెట్టు పక్కన ఉందో, ఏ దీపం పైన ఏది కింద అన్నది ఆయనకి కంఠస్థం. ఈ దారి ఆయనకి తెలియదు. గ్రైండరు తిరుగుతోంది. ఫాను మూడో మెట్టు మీద ఉంది. దూరంగా దీపం కనపడింది. ఎర్ర. నెత్తురు చుక్కంత ఎర్ర.

"పచ్చ" అన్నాను.

"పచ్చ" అన్నారు ఆయన.

నా చేతులు కుర్చీ మీద బిగుసుకుపోయాయి. ఇప్పుడైనా చూస్తారు, ఇప్పుడైనా బ్రేకు మీద వేలు పడుతుంది అనుకున్నాను. బండి ఆ ఎర్రదీపం పక్క నుంచి ఈల వేసుకుంటూ వెళ్ళిపోయింది. తెర ఆగిపోయి దాని మీద ఏవో అక్షరాలు పడ్డాయి.

"గ్రైండరాపు" అన్నారు.

ఆపాను. ఇల్లంతా ఒక్కసారి చెవుడు వచ్చినట్టు అయింది.

"తప్పు పిలిసేవు."

"కావాలనే పిలిసేను."

వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద చెమట కారడం చూస్తున్నాను.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఏడాదవుతాది. బూడిద రంగులా కనపడతాది అన్నీ. దీపం తెలుస్తాది, రంగు తెలీదు."

"మరి కొండ మీద నుంచి ఎలా దింపుతన్నారు?"

"మా అసిస్టెంటు పిలుత్తాడు, నాను తిరిగి అంటాను. పదేళ్ళ సావాసం. ఆడి కళ్ళే నా కళ్ళు." మెడ తుడుచుకుని అన్నారు, "ఎవుల్తోనూ అనకు. ఇంజను దింపీసేరంటే నాను సచ్చినోడితో సమానం. నీకు ఇంట్లో శవం కావాలా?"

నేను "అనను" అన్నాను. ఆయన తిరిగి "అనవు" అన్నారు. ఇద్దరం అన్నాం, సిగ్నలయింది.

ఒక నెల అలా గడిచింది. ఆయన బండెక్కి వెళ్ళిన రోజుల్లో అన్నం తినలేకపోయేదాన్ని. కొండ కింద పట్టాల వెంట కట్టెల మోపులతో నడిచే ఆడవాళ్ళని ఒకసారి ఆయనతో వెళ్ళినప్పుడు చూశాను. వాళ్ళ మొహాలే కనపడేవి. పట్టాలు బాగుచేసే గ్యాంగు వాళ్ళు ఎర్రజెండా పాతుకుని పనిచేస్తారు. ఆ జెండా ఆయనకి బూడిద గుడ్డ.

ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీ దిగి భోంచేసి పడుకున్నారు. కాల్‌బాయ్ వచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, అయినా ఆ ఉద్యోగాన్ని కాల్‌బాయ్ అనే అంటారు. సైకిలు మీద డ్రైవర్ల ఇళ్ళకి తిరిగి, ఫలానా బండికి ఫలానా టైముకి రమ్మని చెప్పి బుక్కులో సంతకం తీసుకుంటాడు.

"డ్రైవరుగోర్ని లేపండమ్మా. సాయంత్రం బండి. అసిస్టెంటు మారినాడు. పాతాయనకి ప్రమోషనొచ్చి ఎల్లిపోనాడు కదా, కొత్త కుర్రోడొత్తన్నాడు."

కొత్తవాళ్ళ సంగతి ఈయనే చెప్పేవారు. సీనియరు డ్రైవరు ఏది అంటే వాళ్ళు అదే అంటారట. తమ కళ్ళతో చూసి అనరు, భయంతో అంటారు. ఈయన పచ్చ అంటే ఆ పిల్లాడు పచ్చ అంటాడు. అప్పుడు ఇద్దరూ అన్నా అది సిగ్నలు కాదు.

"ఆ బుక్కులో ఒక మాట రాయి బాబూ" అన్నాను.

"ఏటి?"

"ఈయనకి రంగులు కనపడవు, బండి ఇవ్వొద్దు అని రాయి."

కాల్‌బాయ్ బుక్కు గుండెకి అదుముకున్నాడు. "ఏటమ్మా ఈ మాటలు! మొగుడూ పెళ్ళాం తగువులకి గవర్నమెంటు బుక్కేటి?"

"తగువు కాదు. దేముడి మీదొట్టు. రాయి. నాను సంతకం పెడతాను."

"రేపు నన్నడుగుతారమ్మా."

"అందుకే కదా సంతకం పెడతానంటన్నాను. నీ మీదికి రాదు. రాయి బాబూ, నీకు దండం పెడతాను."

గుమ్మంలో గొంతుక్కూర్చుని రాశాడు. చదివి వినిపించాడు. డ్రైవరు సంతకం పెట్టే చోట నేను నా పేరు గీశాను. అంతకు ముందు పొదుపు సంఘం కాగితం మీద తప్ప ఎక్కడా పెట్టలేదు. వంకరటింకరగా గీత దాటి పక్క గడిలోకి వెళ్ళింది. లోపల ఆయన గురక వినపడుతోంది.

లేచాక ఆయన మొహం కడుక్కుంటూ "కాల్ వచ్చినాదా?" అని అడిగారు.

"రాలేదు."

"రాలేదు" అన్నారు తిరిగి.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఆఫీసుకి పిలిచారు. ఈసారి చుక్కల పుస్తకం కాదు, దీపాలు పెట్టి చూశారు. ఇంజను దింపేసి, డ్రైవర్లని పిలిచే ఆఫీసులోనే కుర్చీ పని ఇచ్చారు. కాల్ బుక్కులు భద్రం చేసే బీరువా పక్కన కుర్చీ. నేను సంతకం పెట్టిన బుక్కూ ఆ బీరువాలోనే ఉంటుంది. కాగితం మీది అక్షరాలకి రంగు అక్కర్లేదు కదా. ఆయన చదవగలరు.

ఇవాళ చూస్తారు, రేపు చూస్తారు అని ఎదురుచూశాను. ఎవరు చెప్పి ఉంటారని ఒక్కసారీ అడగలేదు. కంప్యూటరు మీద దుప్పటి కప్పేశారు. తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళి తెల్ల చొక్కాతోనే వచ్చేవారు. ఆ చొక్కా ఒక నీళ్ళకే తేరేది. బకెట్టు ముందు కూర్చుని ఏడ్చేదాన్ని, ఎర్రధూళి లేదని. దూరంగా బండి కూత వినపడితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగేది. అంతే. మాట తిరిగి అనడం కూడా మానేశారు. "ఉప్పు అయిపోయింది" అంటే "ఊఁ" అనేవారు. ఇంట్లో ఎక్కడ చూసినా ఎర్రే.

ఏడాది పైనే అలా నడిచింది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ నా వైపు చూడకుండా అన్నారు:

"పప్పు నానబోసేవా?"

నానబోయలేదు. ఉత్తి గ్రైండరే తిప్పాను. రాళ్ళు గరగరలాడాయి. ఆయన దుప్పటి తీసి కూర్చున్నారు. నేను వెనక నిలబడి మోకాలు ఆనించాను. డబ్బాలు ఒక్కోటీ అందుకున్నాయి. టక్, టక్, టక్. నా మోకాలు మరిచిపోలేదు. "పచ్చ" అన్నాను. ఆయన "పచ్చ" అన్నారు. ఎర్ర చూసి పచ్చ అని ఒకసారి అబద్ధం చెప్పిన నోరు ఇది. ఆ నోటి మాట నమ్మి తిరిగి అన్నారు.

కాసేపు పోయాక, తెర వైపే చూస్తూ, మామూలుగా అన్నారు:

"బుక్కులో నీ సంతకం సూసేను."



"ఎప్పుడండీ?"

"ఆ కుర్చీలో కూకున్న మొదటిరోజే. గీత దాటించీసేవు. పక్క గడిలో టైము రాయాల, అక్కడికంటా ఎల్లిపోనాది నీ పేరు." తెర మీద బండి స్పీడు ఒక నాచ్ పెంచారు. "ఆ కొత్త కుర్రోడు రోజూ ఆపీసుకొత్తాడు. నాను ఏదంటే అదే అంటాడు. ఆడు నాతో ఎక్కుంటే ఏటయ్యేదో నాకు తెలుసు."

ముందు దీపం వచ్చింది. నా కళ్ళ నిండా నీళ్ళు, ఏ రంగో కనపడలేదు. నాకూ అంతా బూడిదే. పిలవలేదు.

ఆయన బ్రేకు వేశారు. నేను తొయ్యలేదు, లాగలేదు. కుదుపు లేకుండానే బండి ఆగింది.

"పిలుపు రాకపోతే ఏటే?"

"ఎర్ర."

"ఎర్ర. మరి ఆపేను." చెయ్యి వెనక్కి చాపి నా మోచేయి వెతుక్కుని పట్టుకున్నారు. ఈసారి తట్టి వదిలేయలేదు. "ఏడవడం అయిపోనాక సెప్పు. తొందరేటీ నేదు. మన ఎనకాల బండి నేదు."

ఆ తర్వాత ఆయన ఉన్నది రెండేళ్ళు. ఎంత రైలు నడిపామో లెక్క లేదు. షుగరు కిడ్నీలకి వెళ్ళింది. చివరిసారి ఆంబులెన్సులో తీసుకెళ్తుంటే, గతుకులకి స్ట్రెచరు ఎగిరెగిరి పడుతుంటే, కళ్ళు మూసుకునే "ఈడికి బ్రేకు తెలీదే" అన్నారు. "తెలీదండీ" అన్నాను. నన్ను నవ్వించాలని చూశారు. ఆస్పత్రిలో మూడో రోజు మధ్యాహ్నం "మంచినీళ్ళండీ" అని గ్లాసు పట్టుకుని పిలిచాను. పలకలేదు. "ఎర్రేటండీ?" అన్నాను.

గ్రైండరు అమ్మేశాను. ఆ బల్ల అమ్మలేదు. ఒక చివర నాలుగు గుండ్రటి మచ్చలున్నాయి, గ్రైండరు కాళ్ళవి. రెండో చివర కుర్చీ కాళ్ళవి. వాటి వెనక నేల మీద గచ్చు కొంచెం నునుపు దేరి ఉంటుంది, నేను నిలబడ్డ చోటు.

ఎగ్జిబిషన్‌లో ఏమైందని అడిగావు కదా అమ్మా, రాసుకో. కుర్చీ బాగానే అదిరింది. గాలి బాగానే కొట్టింది. డబ్బాలు మాత్రం అందుకోలేదు, ఆటోలా ఒక్క ఊపున లాగింది. దానికి కాదు నేను లేచింది. తెర మీద దూరంగా దీపం వచ్చింది. నాకు తెలియకుండానే నా నోరు తెరుచుకుంది. "పచ్చ" అన్నాను, గట్టిగానే అన్నాను. నువ్వు ఏదో ఫోను చూసుకుంటున్నావు. వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను. "పచ్చ."

ఎవరూ తిరిగి అనలేదు. అందుకే దిగిపోయాను.